నష్టమొచ్చాక గుర్తొచ్చే దీర్ఘకాలం

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఐపీఓలపై ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబరు దాకా వచ్చిన పబ్లిక్ ఇష్యూల్లో షేర్లు దక్కినవాళ్లు వాటిని ఏం చేశారో అందులో లెక్కగట్టారు. వ్యక్తిగత మదుపరులు తమకొచ్చిన షేర్లలో విలువ ప్రకారం సగం, లిస్టింగ్ అయిన వారంలోపే అమ్మేసుకున్నారు. ఇందులో వింతేమీ లేదు. ఐపీఓకు అప్లై చేసేవాళ్లలో చాలామంది చూసేది లిస్టింగ్ లాభమే. ఆ సగాన్ని విడదీసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. 20 శాతానికి మించి లాభం ఇచ్చిన ఇష్యూల్లో వారం తిరక్కుండానే 67.6 శాతం అమ్మేశారు. నష్టం చూపించిన ఇష్యూల్లో అమ్మింది 23.3 శాతమే.

బాగా పెరిగిన షేరును వారంలో వదిలించుకుని, పడిపోయిన షేరును డీమ్యాట్ ఖాతాలో భద్రంగా దాచుకున్నారన్నమాట. అలా దాచుకున్నవాళ్లను కదిపితే చాలామంది 'మేం లాంగ్ టర్మ్ ఇన్వెస్టర్లం' అంటారు. లిస్టింగ్ రోజు పది గంటలకల్లా అమ్మేద్దామనే అప్లై చేసిన మనిషి, మధ్యాహ్నానికి దీర్ఘకాలిక మదుపరి అయిపోతాడు. మన మార్కెట్లో చాలామందికి దీర్ఘకాలం అనేది కొనేముందు తీసుకున్న నిర్ణయంగా ఉండదు. రేటు పడ్డాక తలదాచుకునే చోటుగా ఉంటుంది. మదుపులో క్రమశిక్షణ గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ తేడాను ఒప్పుకోవాలి.

ఏ బ్రోకర్ ఆఫీసులో కాసేపు కూర్చున్నా మూడు మాటలు చెవిన పడతాయి. 'కొన్న రేటొస్తే అమ్మేద్దాం.' 'అమ్మితేనే కదా నష్టం.' 'ఇంకో వంద కొని యావరేజ్ చేస్తే సరి.' ఐదొందలకు కొన్న షేరు మూడొందలకు వచ్చిందనుకుందాం. ఈ రోజు చేతిలో మూడొందల నగదే ఉంటే ఇదే షేరును కొంటారా అని అడిగితే పదిమందిలో ఏడెనిమిది మంది 'చచ్చినా కొనం' అంటారు. మరి ఎందుకు ఉంచుకున్నారు? ఆ ఐదొందల అంకె మనసులో నాటుకుపోయింది గనక. మనం ఎంతకు కొన్నామో కంపెనీకి తెలియదు, మార్కెట్‌కు అసలే పట్టదు. ఆ అంకె మన ఖాతా తెర మీద తప్ప ఇంకెక్కడా లేదు.

డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రచురించిన పరిశోధనలో దీనికి వివరణ ఉంది. సంపాదించిన వెయ్యి ఇచ్చే సంతోషం కన్నా పోగొట్టుకున్న వెయ్యి ఇచ్చే బాధ ఎక్కువని, దాదాపు రెట్టింపు ఉంటుందని ఆ తరహా ప్రయోగాలు చూపించాయి. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రవేత్తలే. ట్వర్‌స్కీ 1996లో చనిపోగా, కానమన్‌కు 2002లో అర్థశాస్త్ర నోబెల్ దక్కింది. లాభాన్ని తొందరపడి అమ్ముకుని నష్టాన్ని పట్టుకు వేలాడే అలవాటును హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ 1985లో సిద్ధాంతంగా నిలబెట్టారు. టెరెన్స్ ఓడీన్ ఒక అమెరికన్ బ్రోకరేజీలోని 10,000 ఖాతాలను తీసుకుని 1998లో దాన్ని అంకెల్లో చూపించాడు. జనం అమ్మేసిన లాభాల షేర్లు, అమ్మకుండా ఉంచుకున్న నష్టాల షేర్ల కన్నా ఆ తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువే ఇచ్చాయి. పన్ను లెక్కలోనూ ఈ అలవాటు తలకిందుల పనే. మన చట్టం ప్రకారం బుక్ చేసిన నష్టాన్ని లాభంలో సర్దుబాటు చేసుకోవచ్చు, మిగిలితే 8 ఏళ్లు ముందుకు తీసుకుపోవచ్చు. బుక్ చేయని నష్టానికి ఆదాయపు పన్ను శాఖ పైసా ఇవ్వదు.

తెలుగువాళ్లకు ఓపిక లేదనడం మాత్రం అన్యాయం. శంకర్‌పల్లిలోనో తగరపువలసలోనో 200 గజాల ప్లాటు కొన్న ఉద్యోగి పదిహేనేళ్లు దాని జోలికి పోడు. ఏడాదికోసారి వెళ్లి హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూసుకుని వస్తాడు. అదే మనిషి షేరు కొంటే తొమ్మిదింబావు నుంచి మూడున్నర దాకా ఫోను చేతిలోంచి దించడు. ప్లాటుకు రోజూ రేటు చెప్పేవాడు లేడు. పొద్దున్నే వచ్చి 'మీ ప్లాటు 4 శాతం పడింది, ఇస్తారా' అని గేటు కొట్టేవాడు అంతకన్నా లేడు. అమ్మాలంటే బేరగాడు దొరకాలి, అడ్వాన్సు తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తిరగాలి. 2019 చివర్లో రాజధాని మీద సందిగ్ధం మొదలయ్యాక అమరావతి చుట్టుపక్కల స్థలాల ధరలు కుప్పకూలాయి. అప్పుడు అమ్మకుండా నిలబడి 2024 తర్వాత ఊపిరి పీల్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందిని నిలబెట్టింది గుండె ధైర్యం అనుకోనక్కర్లేదు. కొనేవాడే దొరకలేదు. ఆస్తిని నిలబెట్టిన ఘనతలో సగం ఆ ఇబ్బందిదే.

ష్లోమో బెనార్ట్జి, రిచర్డ్ థేలర్ 1995లో చెప్పింది సరిగ్గా ఇదే. పోర్ట్‌ఫోలియోను ఎంత తరచుగా చూస్తే అంత తరచుగా నష్టం కనబడుతుంది, కనబడిన ప్రతిసారీ బాధ రెట్టింపు. సెన్సెక్స్ పెరిగే రోజులు మొత్తం రోజుల్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రోజూ చూసేవాడికి దాదాపు రోజు విడిచి రోజు దెబ్బ తగులుతుంది. ఏడాదికోసారి చూసేవాడికి అదే సూచీ చాలా ఏళ్లు లాభంలోనే కనిపిస్తుంది. మార్కెట్ ఒకటే, షేర్లూ అవే. చూసే గడువు మారితే మనిషి మారిపోతాడు.

2024 జూన్ మొదటి వారం దీనికి మంచి నమూనా. ఎగ్జిట్ పోల్స్ చూసి సోమవారం, 3వ తేదీన సెన్సెక్స్ 2,507 పాయింట్లు ఎగిరింది. మర్నాడు ఓట్ల లెక్కింపులో బీజేపీకి సొంత మెజారిటీ రాదని తేలేసరికి 4,389 పాయింట్లు పడి 72,079 దగ్గర ముగిసింది. ఆ శుక్రవారానికల్లా సూచీ సోమవారం ముగింపును దాటేసింది. వారం పాటు ఊరికెళ్లి ఫోను చూడనివాడికి ఏమీ జరగలేదు. సోమవారం కొని మంగళవారం అమ్మినవాడికి ఐదారు శాతం పోయింది. అదే వారంలో మనవాళ్ల చూపంతా టీడీపీ అధినేత చంద్రబాబు కుటుంబానికి చెందిన హెరిటేజ్ ఫుడ్స్ మీద పడింది. టీడీపీ గెలుపుతో ఆ షేరు వరసగా అప్పర్ సర్క్యూట్లు తాకింది. కంపెనీ ఆ వారంలో మామూలు కన్నా ఎక్కువ పాలు అమ్మిందేమీ లేదు. ఆ వేడిలో ఎగబడి కొన్నవాళ్లు కొన్ని నెలల తర్వాత చేతులు కాల్చుకున్నారు. ఇప్పుడు వాళ్లలోనూ దీర్ఘకాలిక మదుపరులు తయారై ఉంటారు.

'పరిస్థితి తేటపడ్డాక కొందాం' అనేవాళ్ల కథ ఇంకొకటి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. ఆ పతనంలో విసిగి అమ్మేసినవాళ్లలో చాలామంది, ఎన్నికలయ్యాక, కొత్త ప్రభుత్వం ఏర్పడ్డాక చూద్దామనుకున్నారు. ఫలితాలు మే 16న, శనివారం వచ్చాయి. సోమవారం మార్కెట్ తెరిచిన క్షణాల్లోనే అప్పర్ సర్క్యూట్ తాకి రెండు గంటలు ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ సర్క్యూట్. ఇక ఆ రోజుకు మూసేశారు. సూచీ 17 శాతం పెరిగింది గానీ, కొనాలనుకున్నవాడికి ఆర్డర్ పెట్టేంత వ్యవధి కూడా దొరకలేదు. తేటపడటమంటూ జరిగితే అది ముందు ధరలోకే ఎక్కుతుంది. మామూలు మదుపరి దాకా వచ్చేసరికి రేటు మారిపోయి ఉంటుంది. 2020లోనూ అంతే. మార్చి 23న ఒక్కరోజే 3,935 పాయింట్లు కోల్పోయి 25,981కి చేరిన సూచీ, కరోనా ఇంకా తగ్గక ముందే, నవంబరులో కొత్త రికార్డు పెట్టింది.

ఆ 2020 మార్చి నాటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు 4 కోట్ల పైచిలుకు. 2024 ముగిసేసరికి 18 కోట్లు దాటాయి. కొత్తగా వచ్చిన ఈ కోట్లమందిలో ఎక్కువమంది చూసింది ఎక్కే మెట్లే. 2024 సెప్టెంబరు చివర్లో 85,900 దాటిన సెన్సెక్స్ ఆ తర్వాత నెలల తరబడి దిగుతూ వచ్చింది. 2025 జనవరిలో మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్‌లు కొత్తగా మొదలైనవి 56 లక్షలైతే, ఆగిపోయినవి 61 లక్షలు. ఆగినవాటిలో గడువు తీరినవీ ఉంటాయి, నిజమే. అయినా మార్కెట్ ఎగిసిన నెలల్లో ఆపని చెయ్యి పడిన నెలల్లోనే ఎందుకు ఆపిందన్న ప్రశ్న మిగులుతుంది. సిప్ అన్న ఏర్పాటు ఉన్నదే తక్కువ రేటుకు ఎక్కువ యూనిట్లు పడాలని. అవి పడే నెలల్లో ఆపేసి, పెరిగాక మళ్లీ మొదలుపెడితే సిప్ పేరుకే మిగులుతుంది.

ఇంతవరకూ చదివినవాళ్లు 'ఏం జరిగినా పట్టుకుని కూర్చోవాలి, అంతేగా' అనుకుంటే, హైదరాబాద్ కథ ఒకటి గుర్తు చేయాలి. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్, ప్రమోటర్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొంటున్నట్లు ప్రకటించి, మదుపరులు తిరగబడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. 220 రూపాయల పైనున్న షేరు మర్నాడు 30 శాతం పడి 160 దిగువకు వచ్చింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు ఆ కంపెనీని నిషేధించిన సంగతి బయటికొచ్చింది. స్వతంత్ర డైరెక్టర్లు ఒకరి వెనక ఒకరు రాజీనామా చేశారు. ఇన్ని గంటలు మోగాక కూడా జనవరి 6న ఆ షేరు 180 రూపాయల దగ్గరుంది. బయటపడటానికి మూడు వారాల గడువు, దాదాపు మంచి రేటే దొరికాయి. జనవరి 7న, ఖాతాల్లో మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ వచ్చింది. ఆ సాయంత్రానికి షేరు 40 రూపాయలు.

ఆ మూడు వారాల్లో తెలుగు మదుపరులు అమ్మకపోవడానికి చెప్పుకున్న కారణాలు చూస్తే జాలేస్తుంది. మనవాళ్ల కంపెనీ, మన ఊరికి పేరు తెచ్చిన కంపెనీ, మన పిల్లలకు ఉద్యోగాలిచ్చిన కంపెనీ. కొన్ని నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌కు అవార్డు కూడా వచ్చింది. అన్నిటికీ మించి, 'రెండొందల ఇరవై చూసిన షేరును నూటఅరవైకి ఎలా అమ్ముతాం?' ఆ షేరు కొనడానికి కారణం యాజమాన్యం మీద నమ్మకమైతే, డిసెంబరు 16 సాయంత్రమే ఆ కారణం చచ్చిపోయింది. అప్పుడు రేటు రెండొందలా, నూటయాభయ్యా అన్నది ఇక ప్రశ్నే కాదు. కొన్న కారణం బతికుండగా రేటు పడితే ఆగడం క్రమశిక్షణ. కారణం పోయాక ఆగడం మొండితనం. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే కారణం ఎక్కడో ఒకచోట ముందే రాసి ఉండాలి.

దీర్ఘకాలం దానంతటదే ఏ షేరునూ కాపాడదు. 1999-2000 నాటి బ్రోకర్ కేతన్ పరేఖ్ బూమ్‌లో వెలిగిన డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్, పెంటామీడియా, సిల్వర్‌లైన్ షేర్లు పట్టుకుని పాతికేళ్లు ఓపిక పట్టినవాళ్లకు మిగిలింది కాగితాలే. సభల్లో ఉపన్యాసకులు ఇన్ఫోసిస్ పేరే చెబుతారు, వీటి పేర్లు చెప్పరు. పోనీ ఒక కంపెనీని కాకుండా మొత్తం సూచీని నమ్ముకుంటే? ఆ దారే మేలు, కానీ దానికీ హామీ లేదు. జపాన్ నిక్కీ 1989 డిసెంబరులో చేరిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్లు! ఆ శిఖరం మీద ఒక్కసారిగా డబ్బంతా పెట్టినవాడి ఉద్యోగ జీవితం ముగిసిపోయింది. విడతలవారీగా పెట్టడం, ఒకే రకం ఆస్తిలో అంతా పోయకపోవడం అన్నవి పాత సలహాలే. వాటి అవసరం తెలిసేది ఇలాంటి చోటే.

ఇక ఎఫ్ అండ్ ఓ. 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల రూపాయల పైనేనని సెబీ లెక్క తేల్చింది. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో వీళ్లలో మూడొంతుల మందికి పైగా ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం చూపినవాళ్లే. 43 శాతం మంది 30 ఏళ్లు నిండనివాళ్లు. ఎక్కువమంది పెద్ద నగరాల వాళ్లు కూడా కాదు. వరుసగా రెండేళ్లు నష్టపోయినా నాలుగింట మూడు వంతుల మంది ఆపలేదు. మరి గెలిచిందెవరు? 2023-24లో సొంత ఖాతాలో ట్రేడ్ చేసే సంస్థలు 33,000 కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు 28,000 కోట్ల స్థూల లాభం చేసుకున్నారు. ఆ లాభంలో 96, 97 శాతం అల్గారిథమ్‌లదే. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన 'జీరో టు హీరో' కాల్ చూసి ఆప్షన్ కొన్న కుర్రాడికి ఎదురుగా కూర్చున్నది మనిషి కూడా కాదు.

ఇక్కడ క్రమశిక్షణ గురించి పాఠాలు చెప్పడం దండగ. పది మందిలో తొమ్మిది మంది ఓడే ఏర్పాటులో స్టాప్‌లాస్ పెట్టుకోమనడం, నష్టాన్ని కాస్త నెమ్మదిగా భరించమనడమే. సెబీ 2023 జూలై నుంచి బ్రోకర్లతో ఒక హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. ఎఫ్ అండ్ ఓలో పది మంది వ్యక్తుల్లో తొమ్మిది మందికి నికర నష్టమేనని యాప్ తెరవగానే వస్తుంది. అర్థమైందని నొక్కితేనే లోపలికి దారి. నొక్కుతూనే ఉన్నారు. 2021-22లో 51 లక్షలున్న ట్రేడర్లు 2023-24కి 96 లక్షలయ్యారు. హెచ్చరిక చదివిన ప్రతివాడూ ఆ పదోవాణ్ని తానే అనుకున్నాడు. 2024 నవంబరు నుంచి వారపు ఎక్స్‌పైరీలను ఎక్స్‌ఛేంజ్‌కొక సూచీకి పరిమితం చేసి, కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచాకే సందడి కొంత తగ్గింది. నష్టం మాత్రం ఆగలేదు. 2024-25లో వ్యక్తిగత ట్రేడర్ల నికర నష్టం 1.05 లక్షల కోట్లు దాటింది. వారపు ఎక్స్‌పైరీలను పూర్తిగా ఎత్తేయడానికి సెబీ ఇంకా ఎందుకు సంకోచిస్తోందో సమాధానం చెప్పాలి. ఎక్స్‌ఛేంజీల ఆదాయం తగ్గుతుందన్నది మదుపరికి చెప్పగల జవాబు కాదు.

తెలియజెప్పినంత మాత్రాన మనిషి మారడని ఆ హెచ్చరిక పెట్టె నిరూపించింది. మార్చేవి ఏర్పాట్లు. షేర్లంటే ఆమడ దూరం పారిపోయే మన ప్రైవేటు ఉద్యోగుల్లో లక్షలమంది నిజానికి షేర్ మార్కెట్లోనే ఉన్నారు. వాళ్ల భవిష్య నిధిని చూసే ఈపీఎఫ్‌వో 2015 ఆగస్టు నుంచి కొత్త నిధుల్లో కొంత వాటా ఈటీఎఫ్‌ల్లో పెడుతోంది. 5 శాతంతో మొదలై రెండేళ్లలో అది 15 శాతానికి చేరింది. 2020 మార్చి 23న వాళ్ల డబ్బులోనూ కొంత భాగం 13 శాతం పడింది. ఎవరూ కంగారుపడి అమ్మలేదు. అమ్మే బటన్ వాళ్ల చేతిలో లేదు మరి.

ఇలాంటి అడ్డుకట్టల్లో కొన్ని మనమే కట్టుకోవచ్చు. షేరు కొనేముందు ఒక నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయాలి. ఎందుకు కొంటున్నాం, ఏం జరిగితే అమ్ముతాం. రెండో వాక్యంలో రేటు ప్రస్తావన లేకుండా రాయగలిగితే ఇంకా మంచిది. అప్పులు పెరిగితే, ప్రమోటర్ తన వాటా తాకట్టు పెడితే, ఆడిటర్ మధ్యలో రాజీనామా చేస్తే అన్నట్టుగా. యాప్ నుంచి వచ్చే నోటిఫికేషన్లు ఆపేయాలి. మూడు నెలలకోసారి ఫలితాలు వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చదువుకుంటే చాలు. సిప్ తేదీ జీతం పడిన మర్నాడే ఉండాలి, ఖర్చులు పోగా మిగిలిన దాంట్లోంచి కాదు. ఇవేవీ మేధావులు చేసే పనులు కావు. మార్కెట్ ప్రశాంతంగా ఉన్న రోజు చేస్తే అరగంట పని, గందరగోళం మొదలయ్యాక చేయలేని పని.

వీటన్నిటికన్నా ముందు ఒక మాట. దీర్ఘకాలం పాటించాలంటే ఆ కాలమంతా ముట్టుకోనక్కర్లేని డబ్బు ఉండాలి. అది లేనివాడు ఎంత స్థిరచిత్తుడైనా, పడిన మార్కెట్లో అమ్ముకోక తప్పదు. వచ్చే జూన్‌లో పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాల్సిన డబ్బు, రెండేళ్లలో అమ్మాయి పెళ్లికి అనుకున్న డబ్బు, ఆస్పత్రి అవసరానికని దాచిన డబ్బు ఈ రోజు షేర్లలో ఉంటే, లాభమా నష్టమా అని చూడకుండా సోమవారం తీసి బ్యాంకులో వేయండి.